ఆవిరి రోలర్‌కు పోసిన తీర్థం

గురుబరపల్లిలో మా భజన మందిరంలో ఆయుధపూజ నాడు మొదటి హారతి స్వామికి, రెండో హారతి రోడ్డు రోలర్‌కు. ఈ ఆచారం ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఆ రోలర్ ఆవిరితో నడిచే పాతకాలపుది. మందిరం ఆవరణలో తూర్పు గోడ పక్కన చక్రాలు నేలలోకి దిగబడి, తుప్పు మీద కుంకుమ, కుంకుమ మీద తుప్పు పట్టి నిలబడి ఉండేది.

అది నడిచిన రోజులు నాకు కొంచెం గుర్తున్నాయి. శనివారం సాయంత్రం నాన్నతో భజనకు వెళ్ళేటప్పుడు కృష్ణగిరి వైపు నుంచి వస్తూ కనిపించేది. మనిషి నడక కంటే నెమ్మది. దాన్ని దాటిపోవడం చిటికెలో పని. కానీ నాన్న దాటేవాడు కాదు. ఆలస్యమవుతుందని తెలిసినా దాని పక్కనే నడిచేవాడు. కంకర నలిగే చప్పుడు, ఉడికే తారు వాసన, బాయిలర్ నుంచి చెంపకు తగిలే వెచ్చదనం. మందిరం చేరేసరికి మా ఇద్దరి తెల్లబట్టల మీదా మసి ఉండేది. తరవాత డీజిల్ రోలర్లు వచ్చాయి. రోడ్డు పనివాళ్ళు దీన్ని మా ఆవరణలో నిలిపి వెళ్ళారు. వేలంలో పాడుకున్న ఆసామి కదిలించలేక మందిరానికే వదిలేశాడు.

ఆ మందిరంలో పురాణం చదివేది మా ఇంటివాళ్ళే. తాత చదివాడు, నాన్న చదివాడు, ఇప్పుడు నేను చదువుతున్నాను.

మా మేనమామ కొడుకు, మా బావ, హోసూరు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఊరికి తిరిగొచ్చిన మొదటి ఆదివారమే కిరసనాయిలు డబ్బా, తీగబ్రష్షు పట్టుకుని రోలర్ కిందికి దూరాడు. అతనికి హోసూరు నుంచి ఇద్దరు తోడయ్యారు. ఒకాయన క్రేన్లు బాగుచేసే తమిళాయన. రెండో అతను పాత ఆయిల్ ఇంజన్లు ఎక్కడున్నా వెతికి తెచ్చి ఇంటి వాకిట్లో పెట్టుకునే ఇంజనీరు. ముగ్గురూ కలిసి ఏళ్ళ తరబడి ఆదివారాలన్నీ దానికే పెట్టారు. బాయిలర్‌లో పుచ్చిన గొట్టాలన్నీ మార్చారు, పరీక్ష చేయించి అనుమతి తెచ్చారు, చక్రాల కింద తవ్వి రాతిబండలు పరిచారు. నేను లోపల పురాణం చదువుతుంటే బయట సుత్తి మోగేది. ఆపమని నేను ఒక్కసారీ అడగలేదు, గొంతు పెంచి చదివేవాణ్ణి.

ఇలా ఉండగా మందిరం ధర్మకర్త అన్నదానానికి హాలు కట్టాలన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. తమిళ లెక్కన పెరటాసి నెల శనివారాల్లో ఎంతమంది వస్తారో, వానొస్తే విస్తళ్ళు పట్టుకుని ఎలా పరుగెడతారో అందరం చూసినవాళ్ళమే. హాలుకు చోటు తూర్పు గోడ పక్కనే. అంటే రోలర్ ఉన్న చోటే. ముఖద్వారం కమాను కింద క్రేను దూరదు. గ్యాసుతో ముక్కలు కోసి పాతసామాన్ల వాడికి ఇచ్చేయడం తప్ప వేరే దారి లేదన్నారు.

బావ వెళ్ళి బతిమాలుకున్నాడు. వెనక మూలకు దాన్ని నేనే నడుపుకుంటూ తీసుకుపోతాను, ఆ మూల ఎవరికీ అక్కరలేదు కదా అన్నాడు. ధర్మకర్త స్వామి ఎదుట నిలబడి మాట ఇచ్చాడు.

"దశమి నాటికి అది దాని కాళ్ళ మీద నడిచి పోతే ఉండనీ అప్పా. లేకుంటే కోసేదే."

ఆ రోజు నుంచి బావ పళ్ళెంలో అన్నం పెట్టుకుని రోలర్ సంగతి ఆలోచిస్తూ చల్లార్చుకునేవాడని మా చెల్లెలు చెప్పింది. మా చెల్లెల్నే అతనికి ఇచ్చాం.

ఆయుధపూజ నవమి నాడు ఉదయం బోరు నీళ్ళతో బాయిలర్ నింపారు. నీళ్ళు పోసే రంధ్రానికి ఇనుప బిరడా బిగించాలి. దాని వాషరు హోసూరు నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే స్పానర్లు, సుత్తులు, రెంచీలు అన్నీ గంధం బొట్లతో స్వామి ముందు చేరాయి. పూజలో పెట్టిన పనిముట్టును మరునాడు పునఃపూజ అయ్యేదాకా ముట్టకూడదు. ఈ నియమం మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు. బావ ఒక్క క్షణం నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. అతను ఆ రంధ్రం మీద అరటాకు కప్పి, ఆకు మీద రాయి పెట్టి దిగాడు.

దశమి తెల్లవారుజామున పునఃపూజ చేసి పనిముట్లు తీసుకున్నారు. బిరడా బిగించారు, చింతమొద్దులు పేర్చి పొయ్యి అంటించారు. ఎండ పడేసరికి జనం చేరారు. సరిహద్దు జూజువాడి దాటి బెంగళూరు నుంచి పాత యంత్రాలంటే ప్రాణం పెట్టేవాళ్ళు కెమెరాలతో వచ్చారు. ఆవిరి ఒత్తిడి చూపే డయలు మీద ముల్లు కదలగానే వాళ్ళు చప్పట్లు కొట్టారు.

అప్పుడే ఒక వాసన వచ్చింది. ఎవరో పాయసం కాస్తున్నారని తమిళాయన అన్నాడు. వంటశాలలో ఇంకా పొయ్యే వెలిగించలేదు. బావ నీటిమట్టం చూపే గాజు గొట్టం దగ్గరికి వంగాడు. అందులో నీళ్ళకు బదులు తెల్లటి నురుగు పైకీ కిందికీ ఆడుతోంది.

భజనకు వచ్చే ఆడవాళ్ళలో పెద్దావిడ బావకు స్వయానా పిన్నమ్మ, నాకు అత్త వరస. ఆమె ముందు వరసలోనే నిలబడి ఉంది.

"చిన్నమ్మా, దీంట్లో ఏమన్నా పోసినారా?"

"అభిషేకం తీర్థమప్పా. పాలు, తేనె, పసుపు నీళ్ళు. రాత్రి రెండు బిందెలు మిగిలింటే పోసినాము. ఆకు ఎత్తితే నోరు తెరుచుకోని ఉండె, దప్పిక అనుకుంటిమి."

"నెయ్యి కూడా పోసినారా అవ్వా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"నెయ్యి దీపాలకు పెట్టినాము. అంత బుద్ధి లేనోళ్ళమా?"

బావ నవ్వలేదు. ఆ నురుగు ఆవిరితో పాటు సిలిండర్‌లోకి పోతే నీళ్ళు నలగవు, ఇనుమే పగులుతుందని మెల్లగా వివరించాడు. నాకు మనసు ఒప్పలేదు. తీర్థం కీడు చేయదని చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణి, భజన గోష్ఠిలో నలుగురికీ చెప్పినవాణ్ణి. ఆ మాటే అతనితో అంటే, అతను నాకు సర్దిచెప్పాడు.

"తీర్థానిది తప్పు లేదు బావా. పాలు పొంగేది పాల గుణం. పొయ్యి మీద పెట్టింది మనము."

"పాలు పొంగితే శుభమే కదప్పా," అంది అత్త.

ధర్మకర్త బావ పక్కకు వచ్చాడు. ఆయనకు కూడా రోలర్‌ను కోయించాలని లేదు, ఆ సంగతి ఆ రోజే నాకు అర్థమైంది. రెండడుగులు కదిలించి ఆపితే చాలు, మాట నిలబడినట్టే, మిగతాది తరవాత చూసుకుందాం అన్నాడు. బావ పైకెక్కి ఆవిరి వదిలే పిడి మీద చెయ్యి వేశాడు. కాసేపటికి చెయ్యి తీసి దిగాడు.

"ఇది పగిలితే మీరు కోయాల్సిన పని ఉండదు అప్పా. నేను కోసినట్టే."

పొడుగు కొక్కెంతో పొయ్యిలోని నిప్పులన్నీ బయటికి లాగేశాడు. కెమెరాలు దించారు. ఏళ్ళ ఆదివారాలన్నీ ఆ నిప్పులతో పాటు నేల మీద ఎర్రగా పడి ఉన్నట్టు నాకు అనిపించింది.

బాయిలర్ చల్లారాక సాయంత్రం అడుగు కుళాయి తిప్పి నీళ్ళు వదిలేస్తామన్నారు హోసూరు వాళ్ళు. అత్త వచ్చి కుళాయికి అడ్డం నిలబడింది.

"తీర్థమప్పా అది. మీ కాళ్ళ కింద పోనిస్తానా?"

ఆమె చెప్పింది సరైనదే. తీర్థం తొక్కుడు పడకూడదు. చెట్ల మొదళ్ళలో పోయాలి. కానీ అది చెంబెడు తీర్థమా, బాయిలరెడు. ఇంజనీరు తల పట్టుకున్నాడు. ధర్మకర్త ఇక దశమి అయిపోయింది కదా అన్నట్టు కండువా దులుపుకున్నాడు. అప్పుడు నేను నోరు తెరిచాను.

"రేపు ఏకాదశి. మన గోష్ఠికి ఏకాదశి కంటే పెద్ద దినము యాడుంది అప్పా? మాట స్వామి ముందర ఇచ్చినారు. ఆయనకు దశమి కంటే ఏకాదశే ఇష్టము."

ఆయన కండువా మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "పురాణం చదివేవాళ్ళతో వాదు పెట్టుకోకూడదు," అని మెట్ల మీద కూర్చున్నాడు.

బిందెలు వచ్చాయి. గోరువెచ్చని నీళ్ళు ఒక్కొక్క బిందె పట్టి, నామం చెప్పుకుంటూ తులసికోట దగ్గరికి, కొబ్బరి చెట్ల దగ్గరికి, ఆవరణ దాటి ఎవరెవరి తోటల్లోకో మోశాం. బెంగళూరు వాళ్ళు కూడా బూట్లు విప్పి మోశారు. ధర్మకర్త పంచె ఎగగట్టి ఒక బిందె ఎత్తుకున్నప్పుడు అందరూ నామం కొంచెం గట్టిగా చెప్పారు. బాయిలర్ కడిగిన నీళ్ళూ తీర్థమే అంది అత్త. అవీ మోశాం. రెండోసారి కడిగినవీ మోశాం. మూడోసారికి బావ నా ముఖం చూశాడు. ఇక చాలు, తీర్థం పూర్తిగా వెళ్ళిపోయినట్టే అని తీర్పు చెప్పాను. దానికి ప్రమాణం అడిగితే నా దగ్గర లేదు.

ఏకాదశి నాడు అందరం ఉపవాసం. వంట లేదు కాబట్టి పొద్దున్నుంచే జనం మందిరంలో ఉన్నారు. బాయిలర్‌ను కొత్త నీళ్ళతో నింపి దాని పొయ్యి మళ్ళీ వెలిగించారు. గాజు గొట్టంలో నీళ్ళు తేటగా నిలబడ్డాయి. మిట్టమధ్యాహ్నానికి ముల్లు చేరాల్సిన చోటికి చేరింది. తాళాలు పట్టుకుని నేను రోలర్ ముందు నామం అందిస్తున్నాను, వెనక గోష్ఠి అందుకుంటోంది. బావ పిడి లాగాడు. ముందు కింద నుంచి నీళ్ళు చిమ్మాయి, తరవాత తెల్లటి ఆవిరి. ఆ పెద్ద చక్రం కొంచెం వణికింది. వణికి, తిరిగింది.

నేను నలభై ఏళ్ళుగా చెబుతున్న నామం నోటికి రాలేదు. తాళాలు చేతిలో అలాగే ఉండిపోయాయి. వెనకవాళ్ళు నన్ను ఆగనివ్వకుండా తర్వాతి చరణం వాళ్ళే ఎత్తుకున్నారు. రోలర్ రథంలాగా, రథం కంటే నెమ్మదిగా, ఆవరణ పొడుగునా నడిచి వెనక మూలకు చేరింది. ఎవరూ దాన్ని దాటి ముందుకు పోలేదు.

ధర్మకర్త దగ్గరికి వచ్చి, ఇంకా వేడిగా ఉన్న ఇనుమును వేలితో తాకి వేలు ఊదుకున్నాడు.

"ఈడే ఉండనీ అప్పా. శనివారాలు మాత్రం నడపొద్దు. అన్నం తినేవాళ్ళ మీదికి పొగ వస్తుంది."

"ఆదివారాలు?" అన్నాడు బావ.

"ఆదివారాలు మీ ఇష్టం."

బావ పైకెక్కి, చల్లారబోతున్న పొయ్యి ముందు మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. మేము అతన్ని అక్కడే వదిలి, సంధ్య వేళ పారాయణకు లోపలికి వెళ్ళాం.