తలలు లెక్కబెట్టే రోజు

మొన్న మా ఊరి సర్కారు బడిలో తల్లుల మీటింగు పెట్టారు. పిల్లల సంఖ్య పెరిగింది కాబట్టి ఈసారి గ్రాంటు కూడా పెరిగిందనీ, రెండు కొత్త గదులు మంజూరయ్యాయనీ హెడ్మాస్టరు మేడం చదివి వినిపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు గానీ, నా చేతులు మాత్రం ఒడిలోనే ఉండిపోయాయి. ఎందుకంటే సరిగ్గా ఇట్లాంటి రెండు గదులనే నా చిన్నప్పుడు ఒకాయన మాకు రాకుండా చేశాడు. ఆయన పరాయివాడు కూడా కాదు, మా నాన్నకు అన్న వరస, నాకు పెద్దబాపు.

కట్టంగూర్ దాటి లోపలికి పోతే వస్తుంది మా ఊరు. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను తొమ్మిదో తరగతి. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, బెంచీకి ఐదుగురం కూర్చుంటే మిగిలినవాళ్లు వరండాలో ఉండేవాళ్లు, వాన జల్లు కొట్టిందంటే వాళ్లంతా లోపలికొచ్చి మా ఒళ్లోనే కూర్చునేవాళ్లు, అదీ ఒక సంబరమే అనుకోండి. ఇంతమంది ఉన్నారని పక్క మండలం నుంచి ఒక లెక్కల సారును పంపారు. ఆయన చింతగింజలు ముందేసి చెబుతుంటే, లెక్కలంటే జ్వరం వచ్చే నాకు కూడా పదో తరగతి పాసై నర్సు ట్రైనింగుకు పోతానన్న ధైర్యం వచ్చింది. పై నుంచి అధికారి వచ్చి తలలు లెక్కబెడతాడనీ, రిజిస్టరులో ఉన్నంతమందీ కనబడితేనే సారు ఉంటాడనీ, గదులొస్తాయనీ మాకు ముందే చెప్పారు.

మా పెద్దబాపుకు ఊళ్లోనే ఒక ప్రైవేటు బడి ఉండేది, సగం ఖాళీ. సర్కారు బడి కమిటీలో కూడా ఆయనే ఉన్నాడు కాబట్టి అధికారి వచ్చే తారీఖు ఆయనకు తెలుసు. సరిగ్గా ఆ రోజే పక్క ఊరి జాతరకు తన బడి బస్సు పైసా తీసుకోకుండా ఉత్తగనే పెట్టాడు. "పిల్లలను గూడ ఎక్కియ్యుండ్రి, ఒక్కనాడు బడికి పోకుంటే ఏమైతది" అంటూ ఇల్లిల్లూ తిరిగాడు. మా అమ్మయితే ఆయనను దేవుడే అనుకుంది. నేనూ ఎక్కాను. నా ఒక్క తల తక్కువైతే ఏమవుతుందిలే అనుకున్నాను, బస్సులో ఉన్న ప్రతి పిల్లా అదే అనుకుంది. కిటికీ పక్కన కూర్చుని పాటలు పాడి, యాటకూర తిని, గాజులు కొనుక్కుని వచ్చాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

వారం తిరగకుండా సారును వెనక్కి పిలిచారు. గదులు వేరే ఊరికి పోయాయి. రెండు సెక్షన్లను ఒకటి చేశారు. పదిలో నేను లెక్కల్లో తప్పాను. ఆ ఏడు పెద్దబాపు బడి మాత్రం నిండింది. ఒకరోజు మా వాకిట్లో కుట్టుమెషిన్ చూసి, "మంచిగ నేర్చుకో బిడ్డా, ఆడపిల్లకు లెక్కలెందుకు" అన్నాడు. నేను నవ్వి చాయ్ ఇచ్చాను. ఆ మాటను మాత్రం దాచుకున్నాను.

తర్వాత మా మహిళా సంఘానికి సర్కారు బడి యూనిఫారాలు కుట్టే పని వచ్చింది. కొలతల కోసం ఇల్లిల్లూ తిరిగేదాన్ని. మధ్యలో ఆయన బడికి పోయే పిల్లలున్న ఇల్లు తగిలితే అక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చునేదాన్ని. "అంత ఫీజు కడుతున్నవు గదక్కా, జర పదమూడో ఎక్కం చెప్పుమను నీ కొడుకును" అనేదాన్ని. వాడు బిక్కమొహం వేస్తే తల్లి మొహం మాడిపోయేది. నిజం చెప్పాలంటే నాకు జాలి కలగలేదు. ఒక ఇల్లు, రెండిళ్లు, అట్లా మూడేళ్లలో వీధికి వీధే సర్కారు బడికి మళ్లింది. పెద్దబాపు ముందు బస్సు అమ్మాడు, తర్వాత బడి మూశాడు.

పోయిన జూన్‌లో మనవరాలిని చేర్పించడానికి ఆయనే మా బడికి వచ్చాడు. నేను కొలతలు తీస్తున్నాను. పక్కనే కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు, ఎండలో లైన్లోనే నిలబెట్టాను.

"బిడ్డా, జర నన్ను ముందుగాల పంపియ్యి, మోకాళ్లు గుంజుతున్నయ్."

"తొందరేముంది పెద్దబాపూ, బడి యాడికి పోదు ఇప్పుడు."

ఆయన నా మొహంలోకి చూసి తల దించుకున్నాడు. ఆ చూపు నాకు పండగకంటే ఎక్కువైంది, దాచుకోను.

ఇప్పుడు లెక్కలకే ఇద్దరు టీచర్లున్నారు. సాయంత్రం పిల్లలు మా ఇంటి ముందు నుంచి పోతూ, హోంవర్కుతో చంపుతున్నారని వాళ్లను తిట్టుకుంటూ పోతారు. మెషిన్ ఆపి వింటుంటాను. మా సారు మాత్రం మేం తిట్టుకునే దాకా మా దగ్గర ఉండనే లేదు.