టైరు లోపలి వైపు

ఈ రోజు భాకరాపేట ఘాటులో నా పై ప్రాణాలు పైనే పోయాయి. నిండు నెలలతో ఉన్న మా చెల్లెలు సుజాతను కాన్పుకు తిరుపతి తీసుకెళ్తున్నాం. మావారు నడుపుతున్న పాత అంబాసిడర్ పీలేరు దాటినప్పటి నుంచీ ఎడమకే లాగుతోంది. ఘాటులో ఆ ఎడమ పక్కనే లోయ.

“ఏమండీ, బండి ఆ పక్కకే పోతా ఉండాది!” అన్నాను.

“రోడ్డే వాలుగా ఉండాది. ఊరికే బయపడొద్దు,” అని నవ్వారు.

తర్వాతి మలుపులో స్టీరింగు ఆయన చేతుల్లోనే గడగడా వణికింది. వెనక సీట్లో సుజాత పొట్ట పట్టుకుని అరిచింది.

“బావా, నిలుపు! నేను నడిసే పోతా!”

ఆయన ఆపి దిగారు. ఎడమవైపు ముందు టైరు పైకి బాగానే ఉంది. చక్రం వెనక్కి చేయి పెట్టి చూసిన మనిషి అట్లాగే రోడ్డు మీద కూలబడ్డారు. లోపలి అంచంతా అరిగి దారాలు తేలి ఉన్నాయి.

మా ఇద్దరినీ బస్సెక్కించి, స్టెప్నీ మార్చుకుని ఆయన నెమ్మదిగా వెనక వచ్చారు. ఆస్పత్రి గుమ్మంలో ఆయన కనబడేదాకా నేను కూర్చోలేకపోయాను. ఎప్పుడో గుంతలో పడి చక్రాల అలైన్‌మెంటు తప్పిందని, అందుకే టైరు లోపలి వైపే అరిగిందని దారిలో బండి చూసిన మెకానిక్ చెప్పాడట.

సుజాత క్షేమంగా ఉంది. మన భయాన్ని చూసి నవ్వే డ్రైవర్లు మీ ఇళ్ళలోనూ ఉన్నారా?