అవే కళ్లు

నేను నరసన్నపేట దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. మూడేళ్ల క్రితం లక్ష్మి అనే తల్లి తన రెండు నెలల పాపను బరువు తూయించడానికి తెచ్చింది. పాలు తాగుతూనే పాప ఆయాసపడుతోంది. పైకి వాలిన ఆ కళ్లు, అరచేతిలో ఒకే అడ్డగీత చూసి పాపను వెలుతురువైపు తిప్పి మళ్లీ చూశాను. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన నా కూతురూ అచ్చం అలాగే ఉండేది. దాని గుండెలో రంధ్రం ఉందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

“ఏటి టీచరమ్మా, అలగ సూస్తన్నారు? కళ్లు మా అత్త పోలిక” అని నవ్వింది లక్ష్మి.

“మేమూ అలాగే అనుకున్నామమ్మా. పద, గుండె డాక్టరుకి చూపిద్దాం” అన్నాను. వెంట నేనూ వెళ్లాను.

ఆపరేషన్ జరిగి పాప బతికింది. ఇప్పుడు నన్ను చూస్తే చిట్టి అడుగులతో వచ్చి మెడ వాటేసుకుంటుంది. ఎత్తుకున్నంతసేపూ బాగానే ఉంటుంది. దించాక నా చేతులు నా కూతురి కోసం తడుముకుంటాయి.