అందించని మాట

పొద్దున దర్వాజా పరదా ఉతికి ఆరేసి, ఆరాక మళ్ళీ తీగకు ఎక్కించాను. ఒక్క లాగు లాగితే రింగులన్నీ చర్రుమని ఈ కొస నుంచి ఆ కొసకు జారాయి. ఆ చప్పుడు చెవిన పడితే నాకు అనసూయ మేడం గుర్తొస్తారు. "యవనిక లేచింది, ఇక ఎవరూ ముక్కు గోక్కోకూడదు" అనేవారు పిల్లలతో. యవనిక అంటే తెర. ఐదో తరగతితో బడి మానేసిన నాకు ఆ మాట ఆమె దగ్గరే తెలిసింది. అదొక్కటే కాదు, అట్లాంటివి చాలా తెలిశాయి.

ఆమె మిర్యాలగూడలో మా పక్క పోర్షన్‌లో కిరాయికి ఉండేవారు. సొంతూరు కోదాడ. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేవారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వెనక రైస్‌మిల్లు మోతను దాటి వినిపించేది. ఆదివారం మధ్యాహ్నం టీ గ్లాసు పట్టుకుని వచ్చి మా వంటింటి గడప మీద కూర్చునేవారు. సోమవారం కాలేజీలో చెప్పబోయే నాటకం పాఠం ముందుగా నాకు చెప్పి చూసుకునేవారు. "నీకు నిద్ర రాలేదంటే మా పిల్లలకూ రాదు" అనేవారు.

ఒకసారి మా అత్తమ్మ బియ్యం చెరుగుతూ మేడంతో నా వంట గురించి చెప్తోంది. నేను అక్కడే కూరగాయలు కోస్తున్నాను. మేడం చప్పట్లు కొట్టి, "ఇదిగో, ఇదే! మీ అత్తగారు నాతోనే చెప్తున్నారు. నువ్వు పక్కనే ఉన్నా విననట్టు ఉంటావు. చూసేవాళ్ళకు మాత్రం అంతా వినబడుతుంది. నాటకంలో దీన్ని జనాంతికం అంటారు" అన్నారు.

అత్తమ్మ చేట ఆపింది. "నేనేమన్న మేడం? పులుసుల ఉప్పెక్కువైందన్న, గంతే గద."

"తప్పని నేనన్నానా? పేరు చెప్పానంతే."

"మరి ఇది పొయ్యికాడ నిలవడి ఒక్కతే గొణుగుతది సూడు, దానికి పేరు లేదా?"

"ఎందుకు లేదు? స్వగతం."

అత్తమ్మకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత నా పెదవి కదిలితే చాలు, "మేడం, మా కోడలి స్వగతం సురువైంది, రాండ్రి" అని గోడ అవతలికి కేకేసేది. మా ఆయన మిల్లులో కాంటా దగ్గర పని చేసేవాడు. అక్కడి నుంచి ఫోన్ చేస్తే నేను "ఏంది? లారీ రాలేదా? అయితే అన్నానికి రావా?" అనేదాన్ని. మేడం దానికీ ఒక పేరు చెప్పారు. అవతలి మనిషి కనబడడు, అతని మాట వినబడదు, మనం తిరిగి అడిగేదాంట్లోనే అతను ఏమన్నాడో తెలుస్తుంది. అది ఆకాశభాషితమట. నేను రోజూ చేసే పనులకు ఇంత పెద్ద పేర్లున్నాయని తెలిసినప్పుడు, ఇల్లు కొంచెం వెడల్పయినట్టు అనిపించింది.

ఇక్కడ మా శిరీష గురించి చెప్పాలి. నా ఒక్కగానొక్క బిడ్డ. మేడం కాలేజీలోనే ఇంటర్ చదివేది. దానికి చిన్నప్పటి నుంచి నత్తి. అన్నిటికన్నా 'ప' మీద ఎక్కువ ఆగేది. ఇంట్లో అందరం అది మొదలుపెట్టిన మాటను అందుకుని మేమే పూర్తి చేసేవాళ్ళం. బిడ్డకు కష్టం తప్పిద్దామనే. ఒక పండుగకు గాజుల దుకాణంలో "ప... ప..." అంటే, "పచ్చగాజులియ్యి అన్నా" అని నేనే చెప్పాను. ఏడాది వేసుకుంది. తర్వాత ఎప్పుడో మేడంతో చెప్పిందట, తనకు కావలసినవి పసుపువని.

మేడం ఆ మాట నాకు చెప్పారు గానీ తిట్టలేదు. మరుసటి వారం వచ్చి, "సూర్యాపేటలో కాలేజీల నాటక పోటీ ఉంది. శిరీష వేస్తుంది. నువ్వు ప్రాంప్టింగ్ చేస్తావు" అన్నారు.

"అది నాటకమేసుడా? నలుగుట్ల నవ్వులపాలైతది మేడం. ఇప్పుడే ఎవరితోని మాట్లాడదు. గాడ గిట్ల నోరు పెగలకపోతే ఇగ ఇంట్ల గూడ మాట్లాడదు."

"అడిగాను. వేస్తానంది. ఎంతసేపు పట్టినా తనే చెప్పింది, నేను ఆగాను."

నాటకం మేడమే రాశారు. కృష్ణా నది మీద జనాన్ని దాటించే పడవవాళ్ళ ఇంటి కథ. వంతెన కట్టాక పడవను కట్టెలకు కొట్టేద్దామంటాడు తండ్రి. కూతురు అడ్డం నిలబడుతుంది. పతాక సన్నివేశంలో, అంటే కథ బాగా బిగిసే చోట, ఆ పిల్ల అనాల్సిన మాట "పడవ నాకియ్యి నాయినా, నేను నడుపుత." నాకు ఒకసారి వినగానే మొత్తం నాటకం నోటికొచ్చింది. ఆ మాట మొదట్లోనే 'ప' ఉంది.

"మేడం, ఆ 'ప' తీసేయరాదా? నావ అనుండ్రి."

మేడం శిరీష వైపు తిరిగి, "ఏమ్మా, నావ అందామా?" అన్నారు. అది తల అడ్డంగా ఊపింది. "ప... ప... పడవే ఉండనీ" అంది. ఆ ఒక్క మాట పూర్తయ్యేలోపు మా టీలు చల్లారాయి.

ప్రాంప్టింగ్ అంటే తెర పక్కన కనబడకుండా నిలబడి, మరిచిపోయినవాళ్ళకు మాట అందించడం. నాకు అది తేలిక పని అనిపించింది, పుట్టినప్పటి నుంచి బిడ్డకు చేసేది అదే కదా. మేడం మాత్రం నన్ను పక్కన నిలబెట్టి నేర్పారు. "మాట మరిచిపోయినవాళ్ళ కళ్ళు నీ వైపు తిరుగుతాయి. అప్పుడు అందించు. కళ్ళు ఎదుటి పాత్ర మీదే ఉంటే వాళ్ళింకా నాటకంలోనే ఉన్నారన్నమాట. ఆ మౌనం వాళ్ళది. అందులో నీకు పని లేదు." రిహార్సల్లో నేను తొందరపడి అందించినప్పుడల్లా, "అమ్మా, నీ పాత్ర ఇంకా ప్రవేశించలేదు" అనేవారు. పిల్లలు కిసకిసా నవ్వేవారు. శిరీష కూడా.

సూర్యాపేటకు బస్సులో వెళ్ళాం. హాలు నిండా పిల్లలు, లెక్చరర్లు. నేను కుడి పక్క తెర మడతలో నిలబడ్డాను. మేడం ఎడమ పక్క. నాటకం బాగానే నడిచింది. శిరీష అక్కడక్కడా ఆగినా, భయపడే పిల్ల పాత్రకు అది అతికినట్టే ఉంది. తండ్రి వేషం వేసిన అబ్బాయి గొడ్డలి ఎత్తాడు. మా బిడ్డ అడ్డం వచ్చింది. నోరు తెరిచింది. మాట రాలేదు.

హాల్లో వెనక ఎవరో ఈల వేశారు. ఇంకెవరో నవ్వారు. నా వెనక మేకప్ వేసే ఆయన, "చెప్పు అక్కా, చెప్పు! సస్తున్నది పిల్ల" అని నా భుజం పొడిచాడు. ఆ మాట నా నాలుక మీదే ఉంది. ఊదితే చాలు, రాలిపోయేది. నేను దాని కళ్ళు చూశాను. తండ్రి మీదే ఉన్నాయి. నా వైపు రెప్ప కూడా తిరగలేదు. కొంగు మూట చేసి నోట్లో కుక్కుకున్నాను. అవతల తెర పక్కన మేడం స్టేజీ చూడటం లేదు, నన్నే చూస్తున్నారు.

"ప..." అంది శిరీష. ఆ అబ్బాయి ఎత్తిన గొడ్డలి దించకుండా అట్లాగే పట్టుకున్నాడు. "ప... ప... పడవ నాకియ్యి నాయినా. నేను నడుపుత."

నా వెనక మేకప్ ఆయన "అబ్బ" అన్నాడు.

మాకు బహుమతి రాలేదు. మేడం దాని గురించి పట్టించుకోలేదు, అందరికీ బస్టాండులో మిర్చిబజ్జీలు తినిపించారు. తిరుగు బస్సులో శిరీష నా పక్కన కూర్చుంది.

"అమ్మా, నువ్వెందుకు చె... చెప్పలే?"

"నీ కళ్ళు నా దిక్కు తిరగలే గద బిడ్డా."

"తిప్పుదామనుకున్న."

"మరి తిప్పకపోతివి?"

అది కిటికీ బయటికి చూసింది. నేను ఆగాను. బస్సు ఇంకో ఊరు దాటింది. "తిప్పితే నువ్వు చె... చెప్పేస్తవని భ... భయమైంది" అని నవ్వింది. ముందు సీట్లో మేడం నిద్రపోతున్నారనుకున్నాం. ఆమె భుజాలు కదులుతున్నాయి, నవ్వుకు.

రిటైరయ్యాక మేడం కోదాడ వెళ్ళిపోయారు. అక్కడే కాలం చేశారు. కడసారి చూడటానికి వెళ్తే, ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు వాకిలి నిండా ఉన్నారు. ఒక్కొక్కరూ ఆమె ఏం చెప్పారో చెప్పుకుంటున్నారు. నా వంతు వస్తే, నాకు ఎప్పుడు ఊరుకోవాలో చెప్పారు అన్నాను.

శిరీష ఇప్పుడు సూర్యాపేటలో ఒక దవాఖానలో పేర్లు రాసే కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. నత్తి పోలేదు. పని మాత్రం బాగా చేస్తుందట, వచ్చినవాళ్ళు తడబడితే తొందరపెట్టదట. పని అయిపోయాక నాకు ఫోన్ చేస్తుంది. మధ్యలో ఒక్కోసారి మాట ఆగిపోతుంది. "ఏమైంది, లైన్ కట్టయిందా?" అంటాడు మా ఆయన. ఉష్ అని చేత్తో సైగ చేసి, ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడతాను. అది ఏమనబోతుందో ఈలోపు నా మనసు ఒక మాట అనుకుంటూనే ఉంటుంది, అలవాటు పోదు కదా. అవతల నుంచి మాట వస్తుంది. చాలాసార్లు అది నేననుకున్న మాట కాదు.