సాల్మన్ గారు బోల్టు విప్పిన మధ్యాహ్నం

నిన్న ఒక కారు కింద పడుకుని డ్రెయిన్ బోల్టు వదులు చేస్తుంటే ఎర్రటి గేరుబాక్సు ఆయిల్ నా మణికట్టు మీదుగా మోచేతి దాకా పాకింది. కాస్త మాడిన వాసన. అప్పుడే బయట రోడ్డు మీద మిర్చి బస్తాల లారీ వెళ్లినట్టుంది, ఆ ఘాటు కూడా వచ్చి కలిసింది. ఆ రెండూ కలిసి ముక్కుకు తగిలితే నాకు సాల్మన్ గారి మెకానిక్ షెడ్డే గుర్తొస్తుంది.

సత్తెనపల్లిలో పత్తి మిల్లు గోడకి ఆనుకుని ఉండేది ఆ షెడ్డు. ఆటోమొబైల్ డిప్లొమా పట్టుకుని నేను ఎక్కడికి వెళ్లినా బిల్లులు రాసే పని ఇస్తామనేవారు. ఆడపిల్లని కారు కింద పడుకోబెట్టడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. సాల్మన్ గారు నా సర్టిఫికెట్టు చూడనే లేదు. "జడ ముడేసుకో. ఫ్యాను బెల్టులో పడితే తల పోద్ది" అన్నారు. అదే నా ఇంటర్వ్యూ. పొడుగు మనిషి, పెద్ద గొంతు. ఆదివారం చర్చిలో పాటలు పాడించే గొంతుతోనే మిగతా వారమంతా మమ్మల్ని కేకలేసేవారు. పల్నాడు మొత్తంలో తనంత మెకానిక్ లేడని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని దాచుకునేవారు కూడా కాదు.

విమలమ్మ గారు ఆ ఊళ్లో కాన్పుల డాక్టరు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. క్లచ్ తొక్కలేరని వాళ్ల నాన్నగారు ఎప్పుడో ఒక విదేశీ ఆటోమేటిక్ కారు కొనిచ్చారు. అది నాకన్నా వయసులో పెద్దది. పల్లెల్లో ఎక్కడ కాన్పు కష్టమైనా ఆవిడే నడుపుకుంటూ వెళ్లేవారు. నేను చేరిన ఏడు ఇంజను రొద పెట్టడమే గానీ బండి కదలడం మానేసింది. ఇంజను బలాన్ని నూనె ద్వారా గేరుబాక్సుకి అందించే టార్క్ కన్వర్టర్ పాడైంది. చూడ్డానికి గుమ్మడికాయంత ఉక్కు డొల్ల. వేరేది విదేశం నుంచి రావడానికి నెలలు పట్టింది. "ఇది వేశాక కూడా నడవకపోతే పాత ఇనుముకి ఇచ్చేద్దాం అక్కా. డ్రైవర్ని పెట్టుకుని వెనక కూర్చో" అన్నాడు ఆవిడ తమ్ముడు శ్రీనివాసరావు, మా ముందే. చేతికర్ర మీద ఆవిడ వేళ్లు బిగుసుకున్నాయి.

బిగించే రోజు అక్కాతమ్ముళ్లిద్దరూ వచ్చి కూర్చున్నారు. కన్వర్టర్‌ని గేరుబాక్సు షాఫ్టు మీదికి ఎక్కించి, తిప్పుతూ లోపలికి నెట్టాలి. మూడు చోట్ల పళ్లు ఒకదానిలో ఒకటి పడాలి. పడ్డప్పుడల్లా టక్కుమని కాస్త దిగుతుంది. ఆఖరిది నూనె పంపుది. అది పడకుండా గేరుబాక్సుని ఇంజనుకి బిగిస్తే పంపు పగిలిపోతుంది. ఆ పంపు ఇంకెక్కడా దొరకదని అప్పటికే వాకబు చేసి ఉన్నాం. సాల్మన్ గారు చెవి దగ్గరగా పెట్టి తిప్పారు. మూడు చప్పుళ్లూ నేనూ విన్నాను. "కూర్చుంది డాక్టరమ్మా. సాయంత్రానికి మీరే నడుపుకెళ్తారు" అని షెడ్డంతా వినబడేలా చెప్పారు.

జాకీ మీద పైకెత్తుతుంటే గేరుబాక్సు ఒకసారి ముందుకి వాలింది. నేను భుజం అడ్డం పెట్టి ఆపాను. బోల్టులు వేళ్లతో ఎక్కించాం. ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య గోరు పట్టేంత సందు మిగిలింది. సాల్మన్ గారు స్పానరు పెట్టి ఒక బోల్టుని కాస్త తిప్పారు. లోపల ఎక్కడో సన్నగా కిర్రుమంది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"గట్టిగా బిగించండి, అదే వస్తుంది" అన్నాడు శ్రీనివాసరావు వంగి చూస్తూ.

సాల్మన్ గారి ముఖం నాకు జానెడు దూరంలో ఉంది. గడ్డం మీంచి చెమట కారుతోంది. గేరుబాక్సు అడుగున మూత తీసిన కంతలోంచి వేళ్లు పెట్టి కన్వర్టర్‌ని తిప్పబోయారు. సరిగ్గా కూర్చుంటే అది వేలితో తిరగాలి. కదల్లేదు.

"నువ్వు చూడు" అన్నారు మెల్లగా.

నేనూ ప్రయత్నించాను. రాయిలా ఉంది. "కూర్చోలేదు సార్."

"మూడు చప్పుళ్లూ విన్నాం గదా?"

"విన్నాం. కానీ తిరగట్లేదు."

కేకలేస్తారనుకున్నాను. ఆయన ఆ బోల్టుని మెల్లగా వెనక్కి విప్పి, బయటికి పాకి, చేతులు తుడుచుకుని డాక్టరు గారి ఎదురుగా నిలబడ్డారు.

"డాక్టరమ్మా, కూర్చుందని చెప్పింది నేనే. తప్పు చెప్పాను. ఎత్తేటప్పుడు ముందుకి జారుంటది. అంతా దించాలి. ఈలోపు నేను బోల్టు కూడా కొంత తిప్పేశాను. పంపు ఉందో పోయిందో దించితే గానీ తెలీదు."

"అంటే పగిలుండొచ్చా?" అన్నాడు శ్రీనివాసరావు.

"ఉండొచ్చండి. పగిలితే నా చేత్తో పగిలినట్టే."

ఆయన గొంతు అంత తగ్గడం నేను వినడం అదే మొదటిసారి. విమలమ్మ గారు చేతికర్ర గోడకి ఆనించారు. "దించండి సాల్మన్ గారూ. నేను ఇక్కడే ఉంటాను" అన్నారు.

గేరుబాక్సు మళ్లీ కిందికి దించాం. కన్వర్టర్ బయటికి లాగి లైటు పెట్టి చూశాం. పంపు పంటి మీద తెల్లగా ఒక చార. ఆయన వేలితో తడిమారు. చాల్లేదు, నన్నూ తడమమన్నారు. గోరు ఎక్కడా దిగబడలేదు.

"గీతే సార్. పగులు లేదు" అన్నాను. ఆయన నేల మీద కూలబడి, కళ్లు మూసుకుని, పెదాలతో ఏదో అనుకున్నారు.

మళ్లీ ఎక్కించాం. ఈసారి జారకుండా ముందు ఒక ఇనప పట్టీ అడ్డం బిగించి పైకెత్తి, కలిపే ముందు తీసేశాం. చేత్తో నెడితేనే సందు మూసుకుంది. వేలితో తోస్తే కన్వర్టర్ తేలిగ్గా తిరిగింది. బోల్టులు బిగించి, నూనె పోసి, ఇంజను స్టార్టు చేశాం. గేరు వేయగానే కారు చిన్నగా ఊగి, ముందుకి కదిలింది. విమలమ్మ గారు స్టీరింగు పట్టుకుని పత్తి లారీల మధ్య నుంచి రోడ్డెక్కారు. శ్రీనివాసరావు పక్క సీట్లో కూర్చున్నాడు.

"వాళ్ల ముందు అంతా చెప్పాలా సార్? పంపు బాగానే ఉంది గదా" అన్నాను తర్వాత.

"బాగుందని అప్పుడు తెలుసా మనకి? పగిలాక చెప్తే సాకులాగుంటదమ్మాయ్" అన్నారు. మర్నాటి నుంచి మళ్లీ మామూలుగానే కేకలు.

ఆయన పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు నాకంటూ షెడ్డుంది. నా లెక్క కూడా అప్పుడప్పుడూ తప్పుతుంది. బండి తాలూకు మనుషులు బయట బల్ల మీద ఎదురు చూస్తుంటారు. కారు కింద నేనొక్కదాన్నే ఉంటాను, జరిగింది నాకు తప్ప ఎవరికీ తెలియదు. వెళ్లి చెప్పడం ఇప్పటికీ తేలిక కాదు. అయినా బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, వాళ్ల ఎదురుగా నిలబడి చెప్తాను. ఆ తర్వాతే మళ్లీ స్పానరు పట్టుకుంటాను.