రుబ్బురోలు ఎక్కడ పెట్టాలి?

2022. మలేసియాలోని సుంగై పెటానిలో పికప్ బండ్లకు టో బార్లు బిగించే ఒక వర్క్‌షాపులో నేను సర్వీస్ అడ్వైజర్‌గా పనిచేస్తున్నాను. టో బార్ అంటే బండి వెనక చాసిస్‌కి బిగించే ఇనుప దూలం. దాని చివరనున్న ఉక్కు బంతికే ట్రైలర్ ముక్కు తగులుకుంటుంది. లాక్‌డౌన్లు ఎత్తేసిన కొత్తల్లో జనానికి ఒక్కసారిగా బయటి గాలి కావలసి వచ్చింది. అంతకుముందు పడవలు లాగించుకునేవాళ్ళు తప్ప ఎవరూ రాని మా షెడ్డుకి, మంచం, వంటగట్టు, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉన్న క్యాంపింగ్ ట్రైలర్లు రావడం మొదలైంది.

కస్టమర్ పికప్‌కీ అతను కొన్న ట్రైలర్‌కీ జత కుదురుతుందో లేదో చూసి చెప్పడం నా పని. పెళ్ళిచూపుల్లాంటి ఉద్యోగం నీదని మా యజమాని నవ్వేవాడు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి గ్రీజు వాసనతో ఇంటికొస్తున్నానని మా అమ్మకి మాత్రం చిన్నతనంగా ఉండేది. అప్పుడు నాకు ఏడో నెల.

అప్పుడు కడుపులో ఉన్న పాపకి ఇప్పుడు మూడేళ్ళు. రేపు మేం తెలుక్ ఇంటాన్‌లో మా అత్తగారింటికి బయలుదేరాలి. కారు డిక్కీ ఇప్పటికి రెండుసార్లు దింపి సర్దాను. సర్దుతుంటే సింహాచలం తాత గుర్తొచ్చాడు. పాప పడుకుంది కాబట్టి ఆయన సంగతి రాయడానికి కూర్చున్నాను.

ఆయన మా దగ్గరికి వచ్చింది చాలా చిన్న పనిమీద. ట్రైలర్ వెనక బ్రేకు లైటు వెలగడం లేదు. "వైరు సూసీమ్మా, సాలు. శనివారం తెల్లారగట్ల ఎల్లిపోవాల," అన్నాడు. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా నిలబడేవాడు. నలభై ఏళ్ళు పామాయిల్ గెలల లారీ నడిపి, కొడుకు ఫ్యాక్టరీ ఉద్యోగం వెంట ఈ ఊరు వచ్చాడు.

"ఎక్కడికి తాతా?"

"కువాలా సెలంగోర్. మా తోట జనమంతా వత్తారు."

వాళ్ళ రబ్బరు తోట ఎప్పుడో పోయింది. కూలీల లైను ఇళ్ళు పడగొట్టాక కుటుంబాలన్నీ తలో దిక్కూ వెళ్ళిపోయాయి. ఏడాదికోసారి మాత్రం ఆ లైనువాళ్ళంతా అక్కడి సముద్రం ఒడ్డున కలుసుకుని, రెండు రోజులు కలిసి వండుకుని తిని వెళ్తారట. ఆయన భార్య పైడమ్మ మామ్మ మోకాళ్ళు వంగక, కింద కూర్చోలేక, అక్కడి మరుగుదొడ్లు వాడలేక ఆ కలయికకి వెళ్ళడం మానేసింది. ఆ తర్వాత అందరికీ లాక్‌డౌన్ వచ్చింది. ఇన్నేళ్ళకి మళ్ళీ అందరూ కలుస్తున్నారు. ఈసారి ఆమె కూడా రావాలని తాత సెకండ్‌హ్యాండ్‌లో ఈ ట్రైలర్ కొన్నాడు. అందులో కుర్చీలా ఎత్తుగా ఉండే మరుగుదొడ్డి ఉంది. ట్రైలర్ కదలకపోతే ఆమె వెళ్ళడం కుదరదు.

వైరు పని అయ్యేలోగా, జత చూపిద్దామని ఆయనే నన్ను పిలిచాడు. పికప్ నుంచి ట్రైలర్ విప్పి, దాని ముక్కుని ఒంటి చేత్తో పైకెత్తాడు.

"సూసినావా? పువ్వులాగ లేస్తాది. బండికి బరువే తెలీదు."

ట్రైలర్ ముక్కు బంతిమీద ఎంత బరువుతో కూర్చుంటుందో దాన్ని మేం నోస్ వెయిట్ అంటాం. ఇలాంటి ట్రైలర్‌కి అది మొత్తం బరువులో ఇంచుమించు పదోవంతు ఉండాలి. అంటే ముక్కు ఒంటి చేత్తో లేవకూడదు. తేలిగ్గా లేచిందంటే లోపలి సామానంతా వెనక్కి పోయిందని అర్థం. అలాంటి ట్రైలర్ ఊళ్ళో బుద్ధిగానే ఉంటుంది. హైవే మీద వేగం అందుకున్నాక, ముఖ్యంగా దిగుడులో, పక్కనుంచి ఒక బస్సు దాటితే చాలు, తోక ఊపడం మొదలెడుతుంది. దాన్ని స్వే అంటాం. ఆ ఊపు పెరిగితే ట్రైలర్ తనతోపాటు పికప్‌ని కూడా తిప్పేస్తుంది.

ట్రైలర్ వెనక తలుపు తీసి చూశాను. గ్యాస్ సిలిండరు, బియ్యం మూట, వంట గుండిగలు, అన్నిటికన్నా వెనక ఒక రుబ్బురోలు.

"ఇవన్నీ ఇక్కడెందుకు పెట్టారు తాతా?"

"ముందు పెడితే బండి తోక దిగిపోతంది గదా! తోక దిగితే ముందు సెక్రాలు తేలిపోతాయి. స్టీరింగు మాట ఇనదు. లారీ తోలినోడికి ఆమాత్రం తెలీదేటి?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు. పికప్ తోక దిగడం మంచిది కాదు. దాన్ని సరిచెయ్యడానికి ఆయన ఎంచుకున్న దారే ప్రమాదం. ముక్కు కింద తూకం పెట్టి చూపించాను. ఉండాల్సినదాంట్లో పావు వంతు కూడా లేదు. కాగితం మీద బొమ్మ గీశాను. అంకెలు వేశాను. ఇలా వెళ్ళడానికి వీల్లేదన్నాను.

తాత కాగితం చూడలేదు, నా పొట్ట వైపు చూశాడు. "నువ్వు కడుపుతో ఉన్నావు తల్లీ. ఇప్పుడు నీకు పెతీదీ బయ్యంగానే కనిపిస్తాది. మా కోడలూ అంతే. ఏటీ కాదు లా!" అన్నాడు, ఇక్కడ అందరం మాట చివర తగిలించే ఆ "లా"తో.

కోపంగా అన్నా బాగుండేది. ప్రేమగా అన్నాడు. నిజానికి ఆ నెలల్లో మెట్లు దిగాలన్నా, నా మీదుగా ఫ్యాను తిరుగుతున్నా నాకు భయమే. ఇది కూడా ఆ భయమేనేమో అని ఒక్క క్షణం నాకే అనిపించింది. లైటు వైరు బాగుచేసి పంపేస్తే నా పని అయిపోయినట్టే. కాని తూకంలో ముల్లు నా భయాన్ని చూసి కదల్లేదు కదా.

అంతసేపూ పికప్ ముందు సీట్లో కూర్చుని వింటున్న పైడమ్మ మామ్మ అప్పుడు తలుపు తీసింది. కుర్చీ తెచ్చి వేశాను.

"ఆ కాయితం నాకూ తెలీదు పిల్లా. తోక ఊపుతాదన్నావే, అదేటో సెప్పు," అంది.

ఆమె కుడి భుజం ఎడమదానికన్నా కాస్త కిందికి జారి ఉంది. మా అమ్మమ్మ భుజమూ అలాగే ఉండేది. అమ్మమ్మ రబ్బరు చెట్లు గీసేది. గీసిన పాలు రెండు డబ్బాల్లో పోసి, కావిడి భుజానికెత్తుకుని, వాలు దారిలో తూకం దగ్గరికి దిగేది. నేను పుట్టేసరికే ఆమె ఆ పని మానేసింది. అయినా ఇంట్లో కర్రకి రెండు చెంబులు కట్టి, ఎలా నడవాలో నాకు నేర్పించేది. అదో ఆట మాకు.

"మామ్మా, మీరు రబ్బరు పాలు కావిడి మోసేవారా?"

"మొయ్యకపోతే కూలెవడిచ్చినాడు?" అని నవ్వింది.

"వెనక డబ్బాలో ఎక్కువ, ముందు డబ్బాలో తక్కువ ఉంటే?"

ఆమె నవ్వు ఆగిపోయింది. ట్రైలర్ వైపు చూసింది, రోలు వైపు చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఓ మావా, ఆ గొట్టం ఇలా పట్రా."

షెడ్డులో ఉన్న ఇనుప గొట్టానికి రెండు రంగు బకెట్లు కట్టించింది. వెనక బకెట్ నిండా నీళ్ళు, ముందుదాంట్లో అడుగున కాసిని. తాత గొట్టాన్ని భుజానికెత్తుకున్నాడు.

"బుజం మద్దినే ఉండాల. ముందుకి జరుపుకోకు, ముందు కొస సేత్తో నొక్కిపట్టుకో. ఇప్పుడు ఆ వాలులో దిగు. బేగి దిగు."

బండ్లు ఎక్కించే వాలు మీద తాత నాలుగడుగులు బాగానే వేశాడు. మెకానిక్ పిలిస్తే అటు తిరిగాడు. అంతే, వెనక బకెట్ పక్కకి ఊగింది. దాన్ని ఆపబోయి ఆయన ఇటు తిరిగాడు. అది అటు ఊగింది. నీళ్ళన్నీ కాళ్ళమీద పోసుకుని, గొట్టం వదిలేసి గోడ పట్టుకున్నాడు.

"నా భయం కాదు తాతా," అన్నాను.

మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "నలబై ఏళ్ళు లారీ తోలినాడు గాని, ఒక్కనాడైనా కావిడి పట్టుకున్నాడేటి? పట్టుకోమంటే నడుం నొప్పనీవోడు!"

తాత తడిసిన చెప్పులు విదిలించుకుంటూ చాలాసేపు ట్రైలర్ చుట్టూ తిరిగాడు. చివరికి నా దగ్గరికొచ్చి, "లారీది ఒకటే ఒళ్ళమ్మా. ఇది రెండొళ్ళు," అన్నాడు. నాలుగేళ్ళ చదువులో నాకెవరూ ఇంత చిన్నగా చెప్పలేదు.

సామానంతా దింపాం. బరువైనవి ట్రైలర్ చక్రాల మీదుగా, లోపలి నేల మీదే, తేలికైనవి వెనక. నోస్ వెయిట్ సరిపోయింది. కాని తాత భయపడ్డట్టే పికప్ తోక దిగింది. అక్కడుంది రెండో లెక్క. పికప్ మూడు టన్నులు లాగుతుందని కంపెనీ రాస్తుంది. లాగడం వేరు, మొయ్యడం వేరు. బండి తన మీద మొయ్యగలిగిన బరువుని పేలోడ్ అంటాం. మనుషులు, వెనక తొట్టిలో సామాను, ట్రైలర్ ముక్కు బరువు అన్నీ అందులోకే వస్తాయి. తాత పికప్‌లో వెళ్ళాల్సింది ఐదుగురు, తొట్టిలో రెండు డ్రమ్ముల మంచినీళ్ళు. అక్కడ నీళ్ళు ఉప్పగా ఉంటాయని ఇంటి దగ్గరే నింపుకున్నారు.

"ఏటి దింపాల?" అన్నాడు తాత.

"నీళ్ళు. ఖాళీ డ్రమ్ములు తీసుకెళ్ళి, ఒడ్డుకి చేరాక ఊళ్ళోంచి మంచినీళ్ళు తెచ్చుకోండి. రోలు కూడా—"

"రోలు దిగదు," అంది మామ్మ. "అది మా లైనుది. తోట పోయిననాడు నానే మోసుకొచ్చినాను. ఆళ్ళందరూ దాని మీద రుబ్బినోళ్ళే."

ఇక మిగిలింది మనుషులు. కొడుకు, కోడలు, మనవడు వేరే కారులో రావాలని తేలింది.

"అయితే బండిలో మనిద్దరమేనా?" అంది మామ్మ.

"పెళ్ళయిన కొత్తలో లారీలో ఎల్లినట్టు," అన్నాడు తాత.

"అప్పుడు దారంతా నోరిప్పనేదు నువ్వు. ఈసారైనా మాటాడు."

డ్రమ్ములు ఖాళీ చేశాక పికప్ తోక లేచింది. మెకానిక్ తాత పక్కన కూర్చుని హైవే దాకా నడిపించి తీసుకొచ్చాడు. దారిలో ఈపో ఊరికి ముందు కొండల్లో దిగుడు వస్తుంది, అక్కడ ముందే వేగం తగ్గించుకోమని పదిసార్లు చెప్పాను. ముక్కు తూకాన్ని తాత చేతిలో పెట్టి, తిరిగొచ్చాక ఇవ్వమన్నాను.

శనివారమంతా ఫోన్ చూస్తూనే ఉన్నాను. ఏ కబురూ లేదు. ఆదివారం మధ్యాహ్నం మోగింది. వెనక సముద్రం గాలి, పిల్లల కేకలు.

"అమ్మా, నేను. తోక ఊపనేదు. ఇప్పుడింకో సిక్కొచ్చింది. మీ మామ్మ వచ్చిందని అందరూ తలో మూటా ఇచ్చినారు. ఎండుచేపలంట, కొబ్బరికాయలంట, అరటి పిలకలంట. ఎక్కడ పెట్టమంటావు?"

నలభై ఏళ్ళు లారీ నడిపిన మనిషి, ఇంజిను స్టార్టు చెయ్యకముందు నాకు ఫోన్ చేశాడు.

"చక్రాల మీదుగా పెట్టండి తాతా."

"అక్కడ రోలుంది గదా."

అటువైపు మామ్మ గొంతు వినిపించింది. "రోలు దింపీ మావా. నా మేనగోడలింట్లో ఉంటాది, సంద్రానికి దగ్గరే. వచ్చేయేడు మళ్ళీ ఇక్కడికే వత్తాం గదా!"

తాత ఫోన్ పెట్టకుండానే రోలు దింపించి, మూటలు సర్దించాడు. తర్వాత ముక్కు తూకం ఎంత చూపిస్తోందో చదివాడు. సరిగ్గానే ఉంది.

భయపడే మనిషినని అప్పటిదాకా సిగ్గుపడేదాన్ని. ఆ తర్వాత, భయం వేసినప్పుడల్లా ముందు తూకం పెట్టి చూడటం అలవాటు చేసుకున్నాను. కొన్నిసార్లు ముల్లు ఉండాల్సిన చోటే ఉంటుంది. అప్పుడు ఊరుకుంటాను. కంపెనీలు రాసే అంకెల్లో ఇంటివాళ్ళూ ఉండరు, వాళ్ళు వదిలి రాలేని వస్తువులూ ఉండవు. అందుకే బండి ఎన్ని టన్నులు లాగుతుందని కస్టమర్లని మొదట అడగడం మానేశాను. మీతో ఎవరెవరు వస్తున్నారు, ఏది లేకుండా బయలుదేరరు అని అడుగుతాను. మిగతా లెక్క దాన్నుంచే మొదలవుతుంది.

మా డిక్కీలో పాప మూడు చక్రాల సైకిలు ఉంది. అది లేకుండా బయలుదేరదు. బియ్యం మూట దింపేశాను.