సర్దారన్న చెయ్యి పెట్టి విన్న రాకెట్

సర్దారన్న నిద్రలోనే పోయాడని ఆ పొద్దున గోడ అవతలి నుంచి వదిన పిలిచి చెప్పింది. నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే మా అరుగు మీద కూర్చుని, నేను కొనుక్కొచ్చిన పుచ్చకాయను వేలితో కొట్టి చూసి, బండివాడు నన్ను మోసం చేశాడని తేల్చిన మనిషి. వెళ్లి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టాను. చాలాసేపు అలాగే ఉంచాను. ఎవరు ఏం చెప్పినా మన చెయ్యి పెట్టి చూసుకోవాలని నాకు నేర్పింది ఆయనే.

మీలో చాలామంది ఆయన్ను చూసి ఉండరు. నాకు రక్తసంబంధం కూడా కాదు. గోదావరిఖనిలో మా రెండు క్వార్టర్లకూ ఒకటే గోడ. నేను బొగ్గుబాయి మీద హాజరు వేసే గుమస్తాను, ఆయన బాయి లోపల సర్దారు. బొగ్గు తీసేవాళ్లు పోకముందే తాను పోయి, కర్రతో పైకప్పును కొట్టి చూసి, గట్టిగా ఉందో, ఊడిపడేలా ఉందో చెప్పడం సర్దారు పని. ఒక చేత్తో కొడుతూ రెండో అరచేతిని కప్పుకు ఆనిస్తాడు. శబ్దం బోలుగా వచ్చినా, చేతికి అదురు తగిలినా ఎవరినీ అడుగు పెట్టనివ్వడు. పైకప్పును నమ్మకపోవడమే ఆ ఉద్యోగం. రిటైరయ్యాక ఉద్యోగం పోయింది గాని, నమ్మకపోవడం ఇంటికి వచ్చేసింది.

పాలవాడిని నమ్మడు. కరెంటు మీటరును నమ్మడు. టీవీలో వాన పడుతుందని చెప్పేవాళ్లను అసలే నమ్మడు. ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడితే, "మంచిగున్నదంటెనే ఇంకోసారి కొట్టి చూడాలె" అనేవాడు. మా అబ్బాయి పెళ్లిచూపులకు తోడు తీసుకువెళ్తే, కాబోయే వియ్యంకుడు టిఫిన్లు పెట్టిస్తుండగా లేచి వాళ్ల కొత్త ఇంటి గోడను కొట్టి చూశాడు. ఆ సంబంధం ఎలా కుదిరిందో నాకిప్పటికీ అర్థం కాదు.

కొన్నేళ్ల కిందట ఆ అనుమానం మా మీదికి తిరిగింది. రోజూ సాయంత్రం చౌరస్తా దగ్గర ముగ్గురం కలిసి చాయ్ తాగేవాళ్లం. మూడో మనిషి బాయిలో మోటార్లు బాగుచేసి రిటైరైన ఫిట్టరు, నాకు వరసకు బావ. మాటల మధ్య సర్దారన్న మా మూతుల వంక అదోలా చూడటం మొదలుపెట్టాడు. ఒకరోజు గ్లాసు కింద పెట్టేసి, "నేనొస్తె మీరు మెల్లగ మాట్లాడుతున్నరు. నా దగ్గర ఏం దాస్తున్నరు?" అని అడిగాడు. ఏమీ లేదన్నకొద్దీ ఆయన మొహం మరింత బిగుసుకుంది. మర్నాటి నుంచి చాయ్‌కి రావడం మానేశాడు.

ఆయనకు వినికిడి తగ్గిందని మాకు తెలుసు. చెప్పే ధైర్యమే లేదు. కర్ర చప్పుడు విని అంతమందిని ప్రాణాలతో బయటికి తెచ్చిన చెవి అది. దానికేదో అయిందంటే ఆయన ఒప్పుకుంటాడా? దవాఖానకు ఎలా తీసుకువెళ్లాలా అని వదినా నేనూ గోడ దగ్గర గుసగుసలాడుకున్న మాట నిజం. అదీ ఆయన కంటపడింది. ఇక ఆయన అనుమానం తప్పని నేను ఏ మొహంతో చెప్పను?

సరిగ్గా ఆ రోజుల్లో ఫిట్టర్ బావకు శ్రీహరికోట వెళ్లి రాకెట్ ఎగరడం కళ్లారా చూడాలని బుద్ధి పుట్టింది. చూడటానికి వచ్చేవాళ్ల జాబితాలో ఆయన మనవరాలు ఫోన్లోనే ముగ్గురి పేర్లూ ఎక్కించింది. సర్దారన్న రాడనుకుంటూనే అడిగాం. మాట పూర్తికాకుండానే వస్తానన్నాడు. ఈసారి అనుమానపడటం మా వంతయింది. దగ్గరి చుట్టాల పెళ్లికి హైదరాబాద్ కూడా రాని మనిషి, మాతో మాట్లాడటం మానేసిన మనిషి, ఇంత దూరం ఎందుకు వస్తున్నట్టు?

రామగుండంలో రైలెక్కాం. ఆయన సంచిని సీటు కింద గొలుసుతో కట్టి, తాళం చెవి బనీన్లో దోపుకున్నాడు. పైసా తీసుకోకుండా రాకెట్ చూపిస్తున్నారంటే అందులో ఏదో ఉందని దారి పొడుగునా అంటూనే ఉన్నాడు. గూడూరులో రైలు మారి సూళ్లూరుపేటలో దిగి బస్సెక్కాం. పులికాట్ నీళ్ల మధ్య రోడ్డు మీద బస్సు పోతుండగా, మేం అడగకుండానే, బస్సంతా తిరిగి చూసేంత గట్టిగా చెప్పాడు.

"రాకెట్ నా కోసమని మెల్లగ మోగదు గద. అది వినబడ్డదంటే నా చెవి మంచిగున్నట్టు, మీరే దాస్తున్నట్టు. వినబడకపోతె చెవి పోయినట్టు. ఇయ్యాల తేలుతది."

నాకు భయం వేసింది. ఏది తేలినా ఆయన ఏదో ఒకటి పోగొట్టుకునే ఇంటికి వెళ్తాడు. ఫిట్టర్ బావ కిటికీలోంచి నీళ్లను చూస్తూ కూర్చున్నాడు.

రాకెట్ చూసేచోట సిమెంటు మెట్లు, నెత్తిన ఎండ. మైకులో అంకెలు తగ్గుతుంటే జనం కూడా గొంతు కలిపారు. దూరంగా చెట్ల మీద మంట కనబడింది. తెల్లటి పొగ చిమ్ముతూ రాకెట్ లేచింది. కాని చప్పుడు లేదు. వెలుగు ముందొచ్చి చప్పుడు వెనక వస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆ క్షణంలో మాకూ తోచలేదు. అందరూ నోళ్లు తెరుచుకుని పైకి చూస్తున్నారు. సర్దారన్న మా మొహాలు చూస్తున్నాడు.

"మీకు వినబడుతున్నదా?"

లేదని తల అడ్డంగా ఊపాను. నిజంగానే వినబడటం లేదు. ఆయన నమ్మలేదు. తన మీద జాలితో అబద్ధమాడుతున్నానని అనుకుంటున్నట్టు ఆ చూపులోనే తెలిసింది.

అప్పుడొచ్చింది చప్పుడు. ముందు గుడగుడమని, తర్వాత మీద విరుచుకుపడ్డట్టు. సర్దారన్న చటుక్కున వంగి అరచేతిని మెట్టుకు ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. చెయ్యి తీశాడు. మళ్లీ ఆనించాడు. మళ్లీ తీశాడు. రాకెట్ మబ్బుల్లో కలిసిపోయేదాకా ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. అంత దూరం వెళ్లి ఆయన రాకెట్‌ను సరిగా చూడనే లేదు.

జనం లేచి వెళ్లిపోతున్నా ఆయన కదల్లేదు. "చెయ్యికి దొరికినంత చెవికి రాలె" అన్నాడు. కాసేపటికి నా భుజం పట్టుకుని లేచాడు.

"చెవే పోయింది తమ్మీ. పోతె పోనీ. మీరు కాదు గద."

నాకు ఏడుపు ఆగలేదు. ఫిట్టర్ బావ మొహం అటు తిప్పుకున్నాడు. ఆయన మాత్రం తిరుగు ప్రయాణంలో రైలు చాయ్‌లో నీళ్లు ఎక్కువయ్యాయని చాయ్ అమ్మే అబ్బాయితో పోట్లాడాడు.

ఊరికి వచ్చాక తనంతట తానే దవాఖానకు వచ్చి చెవి మిషన్ పెట్టించుకున్నాడు. దాన్నీ నమ్మలేదు. అందులో అందరి గొంతూ ఒకటే తీరుగా ఉంటుందట. ఎవరైనా ముఖ్యమైన సంగతి చెబుతుంటే మిషన్ తీసి జేబులో వేసుకుని, వాళ్ల వీపు మీద అరచెయ్యి పెట్టేవాడు. మాటలు దొరక్కపోయినా నిజం చెబుతున్నదీ లేనిదీ తెలుస్తుందనేవాడు. చౌరస్తా దగ్గర నా వీపు మీద ఆ చెయ్యి ఎన్ని సాయంత్రాలు ఉందో. ఆ బరువుకు నేను అలవాటుపడిపోయాను. మా మీద ఆయనకు మళ్లీ అనుమానం రాలేదు. పాలవాడి మీద మాత్రం చివరిదాకా ఉంది.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నం ఆయన్ను వాకిట్లో నేల మీద పడుకోబెట్టారు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆయన చెవి దగ్గరికి వంగి, పిలిచి పిలిచి ఏడ్చారు. గేటు దగ్గర డప్పులు మొదలయ్యాయి. ఆయన చేతులు రెండూ వెల్లకిలా పడి ఉన్నాయి. నేను పక్కన కూర్చుని కుడిచేతిని మెల్లగా తిప్పి, అరచేతిని నేలకు ఆనించాను. ఫిట్టర్ బావ అది చూశాడు. లేచి వెళ్లి, డప్పుల వాళ్లను ఇంకొంచెం దగ్గరికి రమ్మన్నాడు.